సాగునేల, బడిగంట: చేవెళ్ల–మొయినాబాద్ ప్రాంత చరిత్రకు పాఠశాల ఒక ఆధారం

వ్యాస సంగ్రహం

హైదరాబాదుకు పడమట ఉన్న చేవెళ్ల, మొయినాబాద్ వ్యవసాయం మీద ఎదిగిన చిన్న పట్టణాలు. వీటి చరిత్రను పాలన మార్పులుగా, ఎన్నికల ఘట్టాలుగా చెప్పడం పరిపాటి. అక్కడి బడి చరిత్రను విడిగా, భవనాలూ తరగతుల జాబితాగా చెప్పుకుంటున్నాం. ఈ రెండూ ఒకే చరిత్ర అన్నది ఈ వ్యాస ప్రతిపాదన. భూమి మీద హక్కు, పంట, నీరు మారిన ప్రతి దశలోనూ బడిలో కూర్చోగల పిల్లలెవరు అన్న ప్రశ్నకు సమాధానం మారింది. ఈ మార్పును నిజాం కాలం నుంచి నేటి వరకు నాలుగు దశల్లో పరిశీలించి, పాఠశాల ప్రవేశ రిజిస్టర్లను భూమి రికార్డులతో కలిపి చదవవలసిన తీరును వివరించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: చేవెళ్ల, మొయినాబాద్, అత్రాఫ్-ఎ-బల్దా, ఖాంగీ పాఠశాలలు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, బాలకార్మికత, జీవో 111, ప్రవేశ రిజిస్టరు, స్థానిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

స్థానిక చరిత్ర రచనలో ఒక చిక్కు ఉంది. రాజధానికి దూరంగా ఉన్న ఊరికి తనదైన కథ ఉంటుంది. రాజధాని పక్కనున్న ఊరి కథను రాజధాని మింగేస్తుంది. చేవెళ్ల, మొయినాబాద్ రెండో కోవకు చెందినవి. నగరానికి నీళ్లు, కూరగాయలు, పూలు ఇచ్చిన ప్రాంతంగానే ఇవి చరిత్ర గ్రంథాల్లో, వార్తల్లో కనిపిస్తాయి. ఆ నీళ్లకు కాపలాగా, ఆ పూలు కోసే చేతులుగా ఉన్న కుటుంబాల పిల్లలు ఏమి చదివారు, ఎప్పుడు చదువు మానారు అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది.

ఈ ప్రాంతం పాతదే. మొయినాబాద్ మండలం ఎనికేపల్లిలో వెలుగు చూసిన జైన తీర్థంకర శిల్పాలున్న రాతి స్తంభాలను పరిశోధకులు క్రీ.శ. 9–10 శతాబ్దాలకు చెందినవిగా గుర్తించారు. చిలుకూరు పరిసరాలు ఒకప్పుడు జైన కేంద్రమని ఇవి సూచిస్తున్నాయి. గ్రామ నామాలే ఒక పొరల చరిత్ర. చిలుకూరు, పెద్దమంగళారం, ఎనికేపల్లి వంటి తెలుగు పేర్ల పక్కనే మొయినాబాద్, అజీజ్‌నగర్, హిమాయత్‌నగర్ వంటి ఆసఫ్‌జాహీ కాలపు పేర్లు నిలిచాయి. ఊరి పేరు ఏ భాషలో ఉంది, బడి ఏ భాషలో నడిచింది అన్న రెండు ప్రశ్నలకూ ఇక్కడ దగ్గరి సంబంధం ఉంది.

2. మొదటి దశ: ఏలికల భూమి, పరాయి భాష బడి

నిజాం రాజ్యంలో భూమి అంతా ఒకే పాలన కింద లేదు. ప్రభుత్వ యాజమాన్యంలోని దివానీ గ్రామాలు, నిజాం సొంత ఖర్చుల కోసం కేటాయించిన సర్ఫ్-ఎ-ఖాస్ గ్రామాలు, పాయిగా ప్రభువుల గ్రామాలు, జాగీరు గ్రామాలు పక్కపక్కనే ఉండేవి. నగరం చుట్టూ ఉన్న సర్ఫ్-ఎ-ఖాస్ జిల్లా పేరు అత్రాఫ్-ఎ-బల్దా. ఆ మాటకు అర్థమే ‘నగర పరిసరాలు’. జిల్లాకు సొంత పేరు కూడా లేకుండా, నగరాన్ని బట్టి పేరు పెట్టడం ఈ ప్రాంత స్థితికి తగిన సంకేతం.

ఈ విభజన బడిని నేరుగా ప్రభావితం చేసింది. దివానీ గ్రామంలో బడి విద్యాశాఖ బాధ్యత. జాగీరులో అది ప్రభువు ఇష్టానికి ముడిపడిన విషయం. ఎక్కడ బడి ఉన్నా పై చదువుల మాధ్యమం ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది. భారతీయ భాషలో ఉన్నత విద్య అన్న కోణంలో అది సాహసోపేతమైన ప్రయోగమే. అయితే ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు బిడ్డకు ఉర్దూ కూడా నేర్చుకోవలసిన మరో భాషే.

ఈ ఖాళీని కొంతవరకు పూరించినవి ఖాంగీ బడులు, అంటే ప్రైవేటు వీధిబడులు. అరుగు మీదో, గుడి మండపంలోనో పంతులు పెద్దబాలశిక్ష, ఎక్కాలు చెప్పేవాడు. జీతం ధాన్య రూపంలో ముట్టేది. 1920లలో ప్రభుత్వం ముందస్తు అనుమతి లేనిదే ఖాంగీ పాఠశాల నడపరాదని నిబంధనలు విధించింది. తెలంగాణలో తొలితరం ఆంధ్రోద్యమం గ్రంథాలయాలతో, సభలతో పాటు ఈ నిబంధనల మీద కూడా కేంద్రీకరించడానికి కారణం ఇదే.

ఈ ఉద్యమానికి ఈ ప్రాంతం ఒక నాయకుణ్ణి ఇచ్చింది. మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో 1890లో జన్మించిన కొండా వెంకట రంగారెడ్డి న్యాయవాదిగా స్థిరపడి, 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఐదవ ఆంధ్ర మహాసభకు, 1943లో హైదరాబాదులో జరిగిన పదవ మహాసభకు అధ్యక్షత వహించారు. మాతృభాషలో ప్రాథమిక విద్య, వెట్టిచాకిరీ నిర్మూలన ఈ సభలు పదేపదే కోరిన అంశాలు. ఈ రెండు కోర్కెలు ఒకే వేదిక మీద వినిపించడం యాదృచ్ఛికం కాదు. వెట్టి చేసే ఇంటి బిడ్డకు తెలుగు బడి పెట్టినా వచ్చే తీరిక లేదు. ఇక్కడ పరిశోధకులకు ఒక హెచ్చరిక అవసరం. 1941లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఎనిమిదవ ఆంధ్ర మహాసభ జరిగిన చిలుకూరు అప్పటి నల్లగొండ జిల్లాలోనిది. మొయినాబాద్ సమీపంలోని బాలాజీ ఆలయ గ్రామం చిలుకూరు వేరు.

అప్పు కింద ఏళ్లతరబడి దొర పొలంలో పనిచేసే పద్ధతికి భగేలా అని పేరు. దాన్ని నియంత్రించడానికి 1936లోనే హైదరాబాదు ప్రభుత్వం చట్టం చేసింది. చట్టం వచ్చినా జీతగాడి వ్యవస్థ దశాబ్దాల పాటు సాగింది. తండ్రి జీతం ఉన్న ఇంటికి కొడుకు పశువుల కాపరిగా వెళ్లడం ఆ వ్యవస్థలో భాగం. కాబట్టి ఆ కాలంలో ‘బడికి రాని పిల్లలు’ అనే వర్గాన్ని నిరాసక్తతతోనో అజ్ఞానంతోనో వివరించడం చరిత్రకు న్యాయం కాదు. వారి సమయం ముందే తాకట్టులో ఉంది.

3. రెండో దశ: పట్టా భూమి, పరిషత్ బడి

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ భూములు ప్రభుత్వంలో కలిశాయి. అదే ఏడాది జాగీర్ల రద్దు ఉత్తర్వు వచ్చింది. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులనే కొత్త వర్గాన్ని గుర్తించింది. ఈ మార్పుల తర్వాత ఎవరి సాగులో ఏ సర్వే నంబరు ఉందో గ్రామాలవారీగా నమోదైన తొలి సమగ్ర పత్రం 1954–55 నాటి ఖాస్రా పహాణి.

విలీనం నాటికి హైదరాబాదు రాష్ట్రంలో అక్షరాస్యత 1951 జనగణన ప్రకారం పదో వంతు కూడా లేదు. ఈ నేపథ్యంలోనే 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్ని చదవాలి. దానిపై తెలంగాణ పక్షాన సంతకం చేసినవారిలో పెద్దమంగళారం బిడ్డ రంగారెడ్డి ఒకరు. ఉద్యోగాలు, మిగులు నిధుల అంశాలకే ఆ ఒప్పందం ప్రసిద్ధి. తెలంగాణలోని విద్యావకాశాలు తెలంగాణ విద్యార్థులకే దక్కాలన్నది కూడా అందులో ఒక షరతు. ఊరి బడి ఆలస్యంగా వచ్చిన ప్రాంతానికి పై చదువుల పోటీలో రక్షణ కావాలన్న ఆందోళన దాని వెనుక ఉంది.

1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ వ్యవస్థను ప్రారంభించారు. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల పరిధిలోకి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల పరిధిలోకి వచ్చాయి. చేవెళ్ల, మొయినాబాద్ వంటి చోట్ల ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అన్న బోర్డు ఈ మార్పు ఫలితం. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు అయిదో తరగతి దాకా సొంతూళ్లో చదివి, ఆరో తరగతికి నడిచి వచ్చే కేంద్రంగా ఈ బడి మారింది. వారపు సంత, సమితి కార్యాలయం, ఉన్నత పాఠశాల ఒకచోట చేరినప్పుడే పెద్ద గ్రామం చిన్న పట్టణమవుతుంది. 1874లో వేసిన వాడి–సికింద్రాబాద్ రైలుమార్గం ఉత్తరాన శంకర్‌పల్లి మీదుగా వెళ్లడంతో చేవెళ్లకు రైలు రాలేదు. దాన్ని పెంచినవి బీజాపూర్ రోడ్డు, ఆ రోడ్డు మీది కార్యాలయాలు, బడి.

1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా గ్రామీణ ప్రాంతాలను విడదీసి ఏర్పరచిన జిల్లాకు రంగారెడ్డి పేరు పెట్టారు. ఒకప్పుడు నగర పరిసరాలన్న అర్థమిచ్చే పేరున్న ప్రాంతానికి, ఆ నేలకు చెందిన మనిషి పేరు వచ్చింది.

4. మూడో దశ: బోరుబావి, పూలతోట, ఖాళీ బెంచీ

చేవెళ్ల పరిసరాల్లో ఎర్ర చెలకలు, నల్లరేగడులు రెండూ ఉన్నాయి. జొన్న, కంది, ఆముదం వంటి వర్షాధార పంటలు పాత సాగు. కరెంటు మోటార్లు, ఆపై బోరుబావులు వచ్చాక సాగు రూపు మారింది. క్యారెట్, టమాటా, ఆకుకూరలు, చామంతి, బంతి, గులాబీ నగర మార్కెట్ కోసం పండే పంటలయ్యాయి. గుడిమల్కాపూర్ పూలమార్కెట్‌కు, మెహిదీపట్నం రైతుబజారుకు తెల్లవారేసరికి సరుకు చేరాలి.

ఈ మార్పును సాధారణంగా రైతు ఆదాయ దృష్టితో చూస్తారు. బడి దృష్టితో చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. జొన్నచేనుకు కూలీల అవసరం ఏడాదిలో కొన్ని వారాలే. పూలతోటకు, కూరగాయల మడికి దాదాపు రోజూ కావాలి, అదీ ఉదయం వేళ. సంకర పత్తి విత్తనోత్పత్తిలో పని ఇంకా సున్నితం. సాయంత్రం మొగ్గ నుంచి పుప్పొడి భాగాన్ని తొలగించాలి. మరునాటి ఉదయం వేరే మొక్క పుప్పొడిని అద్దాలి. ఒక్కో పువ్వుకూ చేతితోనే చేయవలసిన ఈ పనికి తెలంగాణ, రాయలసీమ జిల్లాల్లో పెద్దఎత్తున ఆడపిల్లలను పెట్టారు. బడిగంట మోగే వేళ, పొలం పిలిచే వేళ ఒకటే అయినప్పుడు ఓడిపోయింది బడి. మొదట ఖాళీ అయినది ఆడపిల్లల బెంచీ.

ఈ నేపథ్యంలో రంగారెడ్డి జిల్లాలో జరిగిన ఒక ప్రయత్నం భారతదేశ విద్యాచర్చనే ప్రభావితం చేసింది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి ఈ జిల్లా గ్రామాల్లో బాలకార్మికులను బడికి చేర్చే పని చేపట్టింది. దాని సూత్రం సరళం: బడిలో లేని ప్రతి బిడ్డా పనిలో ఉన్న బిడ్డే. ప్రమాదకర పని, ప్రమాదం లేని పని అన్న విభజనను, కూలిపని, ఇంటిపని అన్న విభజనను అది అంగీకరించలేదు. తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయే పదేళ్ల పిల్ల కూడా లెక్కలోకి వచ్చింది.

పెద్ద వయసు పిల్లలను ఒకటో తరగతిలో కూర్చోబెట్టకుండా, శిబిరాల్లో కొన్ని నెలల పాటు చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చడం ఆ సంస్థ అనుసరించిన పద్ధతి. పేదరికం వల్ల తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపరన్న నమ్మకాన్ని ఈ అనుభవం ప్రశ్నించింది. అక్షరం తెలియని తండ్రికి బడి గుమ్మం దగ్గర ఎదురయ్యేవి పుట్టినతేదీ పత్రం, బదిలీ పత్రం, చేరే గడువు, పరీక్ష. బిడ్డ ‘బడి మానేసింది’ అని మనం రాసుకునే చోట చాలాసార్లు బడే ఆమెను బయట ఉంచింది. ప్రభుత్వ ఉపాధ్యాయులు 1990లలో బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడి ఈ పనిలో భాగం కావడం విశేషం. సమస్యలో భాగమన్న విమర్శను ఎదుర్కొన్న బడే పరిష్కారానికి పూనుకుంది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసె పురస్కారం లభించింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. వయసుకు తగిన తరగతిలో ప్రవేశం, అందుకు ప్రత్యేక శిక్షణ అన్న అంశాలు 2009 విద్యాహక్కు చట్టంలో చోటు చేసుకున్నాయి.

5. నాలుగో దశ: నీటి కాపలా, ప్లాటు ధర

1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ నిర్మించారు. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. ఈ జలాశయాల రక్షణకు 1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 జారీ చేసింది. పది కిలోమీటర్ల పరిధిలో, మొయినాబాద్, చేవెళ్ల, శంషాబాద్, శంకర్‌పల్లి తదితర మండలాల 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, భారీ నివాస, వాణిజ్య నిర్మాణాలను నిషేధించింది. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో తలపెట్టిన ఒక నూనె పరిశ్రమ వివాదంలో 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ రక్షణను సమర్థించింది.

2022 ఏప్రిల్‌లో జీవో 69 ద్వారా ప్రభుత్వం ఈ ఆంక్షలను సడలించే నిర్ణయం ప్రకటించింది. స్థానికులలో రెండు వాదనలున్నాయి. నగరం తాగునీటి కోసం మా భూమి ధరను పాతికేళ్లు అణచిపెట్టారన్నది ఒకటి. ఆ ఆంక్షలే ఈ ప్రాంతాన్ని సాగునేలగా నిలబెట్టాయన్నది రెండోది. రెండింటిలోనూ నిజముంది. ఆంక్షలు ఉన్న కాలంలో కూడా భూమి చేతులు మారుతూనే ఉంది. పొలాలు ఫామ్‌హౌసులయ్యాయి. ఇంజనీరింగ్, వైద్య కళాశాలలు వెలిశాయి. ఇటీవల చేవెళ్ల, మొయినాబాద్ పురపాలక సంఘాలయ్యాయి.

ఈ దశలో బడికి కొత్త ప్రశ్న ఎదురైంది. భూమి అమ్మిన కుటుంబం డబ్బు చేతికి రాగానే మొదట మార్చేది పిల్లల బడిని. ఫీజు కట్టగలిగినవారు ప్రైవేటు ఇంగ్లీషు మాధ్యమ పాఠశాలకు వెళ్తారు. పరిషత్ బడిలో మిగిలేవారు భూమి లేనివారు, లేదా ఇతర ప్రాంతాల నుంచి పనికోసం వచ్చినవారు. ఒకప్పుడు పట్టాదారు కొడుకు, పాలేరు కొడుకు ఒకే గదిలో కూర్చున్న బడి, ఊరి విభజనకు అద్దం పట్టే బడిగా మారే ప్రమాదం ఉంది. పై చదువుల కోసం యువత రోజూ అదే బీజాపూర్ రోడ్డు మీద నగరానికి ప్రయాణిస్తోంది. నిజాం కాలపు వందలాది మర్రిచెట్లు నీడనిచ్చే ఈ రోడ్డు విస్తరణ వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ వద్ద ఆర్టీసీ బస్సు, కంకర టిప్పరు ఢీకొన్న ఘోర ప్రమాదంలో మరణించినవారిలో నగరంలో చదువుకుంటున్న విద్యార్థినులు ఉన్నారు. చెట్టు కావాలా, రోడ్డు కావాలా అన్న చర్చలో చదువు కోసం ఇంతదూరం ఎందుకు వెళ్లవలసి వస్తోందన్న ప్రశ్న మరుగున పడకూడదు.

6. ప్రవేశ రిజిస్టరును చదివే పద్ధతి

పై దశలను చట్టాల, ఉత్తర్వుల ఆధారంతో చెప్పగలిగాం. కుటుంబాల స్థాయిలో వీటిని నిరూపించగల ఆధారం బడి బీరువాలోనే ఉంది. ప్రభుత్వ పాఠశాల ప్రవేశ రిజిస్టరులో బిడ్డ పేరు, తండ్రి పేరు, వృత్తి, కులం, ఊరు, పుట్టినతేదీ, చేరిన తేదీ, విడిచిన తేదీ, కారణం నమోదవుతాయి. ఇవి చదివేటప్పుడు కొన్ని జాగ్రత్తలు అవసరం.

అ) పాత నమోదులు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాల్లో ఉండవచ్చు. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. నిజాం ఫసలీ అక్టోబరు 6న, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఉదాహరణకు 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు వరకు. తర్వాతి రెవెన్యూ రికార్డుల్లో ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఈ తేడా గమనించకపోతే ఏడాది తప్పుతుంది.

ఆ) పుట్టినతేదీలు జూన్ నెలలో గుమిగూడి కనిపిస్తే అది జనాభా విశేషం కాదు. బడి తెరిచే నెలను బట్టి ఉపాధ్యాయుడు వేసిన అంచనా.

ఇ) వృత్తి గడిలో ‘వ్యవసాయం’ అన్న ఒక్క మాట కింద పట్టాదారు, కౌలుదారు, జీతగాడు ముగ్గురూ ఉండవచ్చు. తండ్రి పేరును, ఊరిని ఖాస్రా పహాణిలోని పట్టాదారు, సాగుదారు గడులతో పోల్చినప్పుడే తేడా తెలుస్తుంది.

ఈ) విడిచిన కారణంగా ‘దీర్ఘకాల గైర్హాజరు’ అని ఉన్న చోట హాజరు పట్టికతో సరిచూడాలి. వినాయక చవితి నుంచి కార్తికం దాకా సాగే పూల గిరాకీ కాలంలో, పత్తి పరాగసంపర్క కాలంలో గైర్హాజరు పెరిగిందా అన్నది పరీక్షించదగిన పరికల్పన.

ఉ) ఈ రిజిస్టర్లలో కులం, కుటుంబ వివరాలు ఉంటాయి. ప్రధానోపాధ్యాయుల, విద్యాశాఖ అనుమతితోనే చూడాలి. వ్యక్తుల పేర్లు ప్రచురించకూడదు. అంకెలుగా, ధోరణులుగా మాత్రమే వాడుకోవాలి.

బడికి రానివారి పేరు రిజిస్టరులో ఉండదు. ఈ ఆధారానికి ఉన్న పెద్ద పరిమితి ఇదే. అందుకే ఓటర్ల జాబితా, రక్షిత కౌలుదారుల జాబితా, వృద్ధుల మౌఖిక కథనాలు దీనికి తోడు కావాలి. ఒక ఊరిలో పహాణిలో ఉండి రిజిస్టరులో లేని ఇంటిపేర్లు ఏవో, ఏ తరంలో అవి రిజిస్టరులోకి వచ్చాయో చూడగలిగితే, ఆ ఊరి సామాజిక చరిత్ర చాలావరకు చేతికందినట్లే.

7. ఉపసంహారం

1. చేవెళ్ల–మొయినాబాద్ ప్రాంతంలో భూమి చరిత్ర, బడి చరిత్ర ఒకదాన్నొకటి వివరిస్తాయి. జాగీరు, పట్టా, పూలతోట, ప్లాటు అన్న నాలుగు దశలకు తగ్గట్టు బడి అందుబాటు మారింది.

2. సాగు విస్తరణ ప్రతిసారీ చదువు విస్తరణకు దారితీయలేదు. నీటి వసతితో వచ్చిన నిత్య శ్రమ పంటలు పిల్లల సమయాన్ని, ముఖ్యంగా ఆడపిల్లల సమయాన్ని కోరాయి.

3. ఆ పరిస్థితిని ఉపాధ్యాయులు, గ్రామస్థులు కలిసి ఎదుర్కొన్న అనుభవం జాతీయ విధానానికి పాఠమైంది. ఈ ప్రాంతం నగరానికి నీళ్లు, పూలే కాక ఒక ఆలోచననూ ఇచ్చింది.

4. పట్టణీకరణ వేగం పెరిగిన ఈ కాలంలో పాత పాఠశాల భవనాల మరమ్మతు, తరలింపు, విలీనం జరిగినప్పుడు ముందుగా నష్టపోయేది పాత కాగితమే. రిజిస్టర్ల డిజిటల్ ప్రతులను తయారుచేయడం విశ్వవిద్యాలయాల చరిత్ర, తెలుగు శాఖలు స్థానిక కళాశాలలతో కలిసి చేపట్టదగిన పని.

పొలం సరిహద్దురాయి తొలగినా సర్వే నంబరు రికార్డులో మిగులుతుంది. ఆ పొలంలో పనిచేస్తూ బడికి కొన్నాళ్లు వచ్చి మానేసిన పిల్లకు మిగిలే ప్రభుత్వ ఆధారం తరచుగా రిజిస్టరులోని ఆ ఒక్క వరుసే. ఆ వరుసను చదవడం, కాపాడడం స్థానిక చరిత్రకారుల తొలి బాధ్యత.